రష్యన్ బొమ్మల అక్షరమాల పుస్తకాలు సేకరించేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

ఉక్కునగరం_శ్రీను:

అందరికీ నమస్తే. నేను ఈ వేదికకి కొత్త. గాజువాకలో ఒక పాత పేపర్ల కొట్టులో రష్యన్ పిల్లల పుస్తకం దొరికింది. గట్టి అట్ట, నిండా రంగుల బొమ్మలు, పేజీ పైన ఒక పెద్ద అక్షరం, కింద చిన్న చిన్న మాటలు. విశాఖ ఉక్కు కర్మాగారం కోసం 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక అక్కడి నిపుణులు వచ్చి ఇక్కడ ఉన్నారు కదా. వాళ్లలో ఎవరి పిల్లలదో అయి ఉంటుందని నా ఊహ.

మా ఇంట్లో విశాలాంధ్రలో కొన్న తెలుగు సోవియట్ పుస్తకాలు చాలా ఉండేవి. ఆ బొమ్మలంటే నాకు ప్రాణం. కానీ రష్యన్ పిల్లలు అక్షరాలు దిద్దుకునే పుస్తకం చూడటం ఇదే మొదలు. ఇది అరుదైనదేనా? ఇలాంటివి పోగుచేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? నాకు రష్యన్ ఒక్క ముక్క కూడా రాదు.

పాతపుటలు:

శ్రీను గారూ, స్వాగతం. ముందు అట్ట ఫొటో కాదు, చివరి పేజీ ఫొటో పెట్టండి. సోవియట్ పుస్తకం వివరాలన్నీ అక్కడ చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఏ తేదీన అచ్చుకి అనుమతి ఇచ్చారు, ఎన్ని ప్రతులు వేశారు, కాగితం కొలత ఎంత, ఏ ప్రెస్సు, ధర ఎన్ని కోపెక్కులు, అన్నీ. మన పాత పుస్తకాలకి ఎన్ని ప్రతులు వేశారో కనుక్కోవాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. వాళ్లు అణాకానీ పుస్తకం మీద కూడా ఆ లెక్క అచ్చేశారు. సేకరించేవాళ్లకి అంతకన్నా ఏం కావాలి!

ఉక్కునగరం_శ్రీను:

పెట్టాను మేడమ్. 1987 అన్న అంకె మాత్రం అర్థమైంది.

నెవా_తీరం:

చూశాను. నేను సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో చదువుకున్నాను కాబట్టి చదవగలను. ఇది బుక్వార్, అంటే ఒకటో తరగతి వాచకం. రచయితలు గొరెత్స్కీ, కిర్యూష్కిన్, షాన్కో. పాఠ్యపుస్తకాలు వేసే ప్రొస్వెషేనియె సంస్థ ప్రచురణ. ఇవి లక్షల్లో అచ్చయ్యాయి కాబట్టి అరుదైనది అనలేం. ఆన్‌లైన్‌లో ఎవరైనా ఇదే పుస్తకానికి 'అత్యంత అరుదు' అని రాసి వేలల్లో అడిగితే ఇవ్వకండి.

కానీ ఒక పని చేయండి. ముందు అట్ట లోపలివైపు, లేదా వెనక అట్ట లోపలివైపు గళ్లు గీసిన పట్టిక ఏమైనా ఉందా? చాలా సోవియట్ పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. బడి వాళ్లే పుస్తకం ఇచ్చి ఏడాది చివర వెనక్కి తీసుకునేవాళ్లు. ఏ సంవత్సరం ఏ పిల్ల వాడింది, తీసుకున్నప్పుడు పుస్తకం ఎలా ఉంది, ఇచ్చినప్పుడు ఎలా ఉంది అని అందులో రాసేవాళ్లు. అది నింపి ఉంటే ఆ పేజీ ఫొటో ఇక్కడ పెట్టకండి, పేర్లు ఉంటాయి. మీ దగ్గరే ఉంచుకోండి.

ఉక్కునగరం_శ్రీను:

పట్టిక లేదండీ. కానీ ఒక పేజీలో పెన్సిల్‌తో ఒక అక్షరం మీద పదిసార్లు దిద్దినట్టు ఉంది. కుడివైపు బొమ్మలో ఒకావిడ కిటికీ తుడుస్తోంది.

నెవా_తీరం:

అది రష్యాలో ప్రతి ఒక్కరికీ తెలిసిన వాక్యం అయి ఉంటుంది: 'మామా మిలా రాము'. అమ్మ కిటికీ చట్రం కడిగింది అని. మూడు చిన్న మాటలు, ఆరు అక్షరాలు వస్తే చాలు చదివేయొచ్చు. అక్కడ ముసలాళ్లని అడిగినా ఈ వాక్యం ఠక్కున చెప్తారు.

పాతపుటలు:

శ్రీను గారి రెండో ప్రశ్నకి వస్తాను. ఇది నాకు బాగా ఇష్టమైన విషయం, కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

రెండు రకాలు వేరుచేసి చూడాలి. ఒకటి బడి వాచకం, బుక్వార్. రెండోది అజ్బుకా, అంటే అక్షరమాల పుస్తకం. అందులోనూ చిత్రకారులు సొంతంగా, ఒక్కో అక్షరానికి ఒక్కో బొమ్మ వేసి చేసిన ఆల్బమ్‌లు. సేకరించేవాళ్లు వెంటపడేది ఎక్కువగా వీటికోసమే.

అన్నిటికన్నా పాతది ఇవాన్ ఫ్యోదొరోవ్ 1574లో ల్వీవ్‌లో అచ్చువేసిన అజ్బుకా. దాని ప్రతి ఒకటి హార్వర్డ్‌లో ఉంది, ఇంకొకటి బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. హార్వర్డ్ ప్రతిని 1927లో రోమ్‌లో సంపాదించింది ఎవరో తెలుసా? బాలే ప్రదర్శనలతో ప్యారిస్‌ని ఊపేసిన ద్యాగిలెవ్. ఆయనకి చివరి రోజుల్లో పాత రష్యన్ పుస్తకాల పిచ్చి పట్టుకుంది. అయితే అందులో బొమ్మలు ఉండవు, అలంకారాలు, ముద్రాపకుడి గుర్తు అంతే.

నిజంగా బొమ్మల అక్షరమాల అంటే కరియోన్ ఇస్తోమిన్ బుక్వార్. ఆయన ఒక సన్యాసి, కవి. మొదట 1692లో చేతిరాత ప్రతి తయారుచేసి రాజకుటుంబానికి ఇచ్చాడు, పీటర్ చక్రవర్తి కొడుకు అలెక్సేయ్ చదువు కోసం. 1694లో లెయొంతీ బూనిన్ దాన్ని మొత్తం రాగి రేకుల మీద చెక్కి అచ్చువేశాడు. వేసింది 106 ప్రతులు. పేజీ పైన అక్షరం మనుషుల శరీరాలతో తయారవుతుంది. ఒకడు వంగుతాడు, ఇంకొకడు చెయ్యి చాస్తాడు, అక్షరం అయిపోతుంది. కింద ఆ అక్షరంతో మొదలయ్యే వస్తువుల బొమ్మలు, ఆ కింద పద్యం. 'క' శబ్దం ఉన్న పేజీలో సముద్రంలో తిమింగలం, నేల మీద సైప్రస్ చెట్టు. అప్పటిదాకా పిల్లవాడికి అక్షరం అంటే ప్రార్థనలు చదవడానికి. ఇస్తోమిన్ దానికి లోకంలోని వస్తువులన్నీ తగిలించాడు. మూడువందల ఏళ్ల కిందట ఒక సన్యాసికి ఆ ఆలోచన రావడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

తర్వాత 1814. నెపోలియన్‌ని తరిమేసిన ఉత్సాహంలో తెరెబెన్యోవ్ అనే శిల్పి పిల్లలకి కానుకగా 34 కార్డులు చేశాడు. ఒక్కో అక్షరానికి ఫ్రెంచి సైన్యం మీద ఒక వ్యంగ్య చిత్రం, రెండు పాదాల పద్యం. మొదటి అక్షరంలో ఒక ముసలాయన చెవిటివాడిలా నటిస్తూ ఫ్రెంచి సైనికుడితో అంటాడు, నాకు వినపడదయ్యా, కావాలంటే కజక్కుని (రష్యన్ గుర్రపు సైనికుణ్ణి) అడుగు అని.

ఇవన్నీ మ్యూజియం సరుకు. మనం కొనలేం. కానీ చూడకుండా సేకరణ మొదలుపెట్టకూడదు.

అచ్చుయంత్రం:

పాతపుటలు గారు చిత్రకారుడు బెనువా దగ్గరికి వచ్చేలోపు నేను అందుకుంటాను, క్షమించాలి. విజయవాడలో చాలా ఏళ్లు ఆఫ్‌సెట్ ప్రెస్సులో పనిచేశాను, నాకు ముందు అచ్చు కనిపిస్తుంది, తర్వాతే బొమ్మ.

అలెగ్జాండర్ బెనువా 'బొమ్మల్లో అజ్బుకా' 1904. బాబాయాగా మంత్రగత్తె, జనరల్, వేసవి ఇల్లు, నక్షత్రాలు చూసే జ్యోతిష్కుడు, బొమ్మలాట వేదిక మీద అరప్, అంటే నల్లజాతి మనిషి. దీన్ని అచ్చువేసింది ఎవరు? ప్రభుత్వ పత్రాల తయారీ సంస్థ. రూబుల్ నోట్లు అచ్చువేసే చోటు! నోట్ల కోసం తెచ్చిన యంత్రాలు, నోట్ల మీద చెయ్యి తిరిగిన పనివాళ్లు ఒక పిల్లల పుస్తకం మీద కూర్చున్నారు. అదే సంస్థ విప్లవం తర్వాత 1919లో గొజ్నాక్ అయింది. 1969లో తత్యానా మావ్రినా 'కథల అజ్బుకా' వేసింది కూడా ఆ గొజ్నాకే. 65 ఏళ్ల తేడాతో రెండు గొప్ప అక్షరమాలలు ఒకే నోట్ల ముద్రణాలయం నుంచి వచ్చాయి. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకు మాత్రం చాలా పెద్ద విషయం.

బెనువా అసలు ప్రతి క్రోమోలితో, రాతి మీంచి తీసే రంగుల అచ్చు. అంటే ఒక్కో రంగుకి ఒక్కో రాయి. భూతద్దం, పది రెట్లు పెద్దది చేసే లూప్ అయితే మేలు, పెట్టి చూడండి. అసలు ప్రతిలో ఇసుక జల్లినట్టు క్రమం లేని చుక్కలు, ఒకదాని మీద ఒకటి పరుచుకున్న రంగులు కనిపిస్తాయి. తర్వాత ఫొటో తీసి వేసిన నకలు ప్రతిలో నాలుగు రంగుల చుక్కలు వరుసగా, చిన్న చిన్న పువ్వుల్లా కనిపిస్తాయి. నకలు మీద కూడా 1904 అనే ఉంటుంది, మొదటి పేజీని యథాతథంగా దించుతారు కాబట్టి. ఆ అంకె చూసి డబ్బు కట్టకండి. లూప్ చూసి కట్టండి.

కాకినాడ_వంశీ:

అన్నా, ఫొటోలు చూసి ఆన్‌లైన్‌లో కొనేవాడి పరిస్థితి ఏంటి? లూప్ ఎక్కడ పెట్టాలి?

అచ్చుయంత్రం:

అమ్మేవాడిని ఒక మూల స్కానర్ మీద పెద్ద రిజల్యూషన్‌లో తీసి పంపమను వంశీ. పంపనంటే వదిలెయ్.

నెవా_తీరం:

రష్యన్ రాకపోయినా కాలం పట్టుకునే మార్గం ఒకటి ఉంది. ఇది అక్షరమాల పుస్తకాలకే బాగా పనికొస్తుంది. చివరి అక్షరం ఏమిటో చూడండి.

1918కి ముందు రష్యన్‌లో అక్షరాలు ఎక్కువ. యాత్, చుక్క ఉన్న 'ఇ', ఫితా, ఇజిత్సా అని ఉండేవి. పాత అజ్బుకాలో 'యా' తర్వాత ఫితా, ఇజిత్సా వస్తాయి. లిపి సంస్కరణ తర్వాత వచ్చిన పుస్తకాలు 'యా'తోనే ఆగిపోతాయి. అంతే, అక్కడే సగం తేలిపోతుంది. ఇంకొకటి, పాత పుస్తకాల్లో హల్లుతో ముగిసే ప్రతి మాట చివరా గట్టి గుర్తు అనే, తనకంటూ శబ్దం లేని అక్షరం ఉంటుంది, ఇంగ్లిష్ చిన్న 'బి'కి పైన ఎడమవైపు ముక్కు తగిలించినట్టు. పేజీ నిండా అదే కనిపిస్తే సంస్కరణకి ముందుదని అర్థం.

రెండు జాగ్రత్తలు. విప్లవం తర్వాత బెర్లిన్, ప్యారిస్ వెళ్లిపోయిన రష్యన్లు అక్కడ పాత లిపిలోనే వేస్తూ వచ్చారు. కాబట్టి ఊరి పేరు కూడా చూడాలి. మరొకటి, 1920ల సోవియట్ పుస్తకాల్లో మాట మధ్యలో గట్టి గుర్తు రావలసిన చోట అపాస్ట్రఫీ కనిపిస్తుంది. ప్రెస్సుల్లో ఆ అక్షరం దిమ్మలే తీసేశారు కాబట్టి అలా నెట్టుకొచ్చారు. అది కనిపిస్తే మీ అదృష్టం, ఆ దశాబ్దం పిల్లల పుస్తకాల ధర ఇప్పుడు ఆకాశంలో ఉంది.

బాలబడి_టీచర్:

అందరూ బాగా చెప్తున్నారు. నాకు ఒక సందేహం. రష్యన్‌లో కొన్ని అక్షరాలతో మాటలే మొదలుకావు కదా? గట్టి గుర్తు, మెత్తని గుర్తు, ఇంకొకటి. వాటికి చిత్రకారులు ఏం చేస్తారు? మా బడిలో 'ణ' దగ్గరికి వచ్చేసరికి నేనూ ఏటా ఆగిపోతాను. 'బాణం' బొమ్మ పెట్టి నడిపిస్తాను.

పాతపుటలు:

టీచర్ గారూ, సరైన చోట పట్టుకున్నారు. నేను ఏ అజ్బుకా చేతికొచ్చినా ముందు తెరిచేది ఆ పేజీలే. తేలిక అక్షరాలకి ఎవరైనా మంచి బొమ్మ వేస్తారు. ఆ మూడు అక్షరాల దగ్గర చిత్రకారుడు ఏం చేశాడన్నదే అసలు పరీక్ష. కొందరు మాట మధ్యలోనో చివరో ఆ అక్షరం వచ్చే వస్తువు వేస్తారు, మీరు బాణం పెట్టినట్టే. కొందరు మూడింటినీ ఒకే పేజీలో కుక్కి దాటేస్తారు. అలా దాటేసిన పుస్తకాన్ని నేను ఒక మెట్టు కిందే ఉంచుతాను.

మావ్రినా గారిది చూడండి. అక్షరం, జంతువు, కథలోని కోట, చెట్టు అన్నీ ఒకదానిలోకి ఒకటి పాకిపోతాయి. మట్టి బొమ్మల నుంచి, బెల్లం రొట్టెల మీది అచ్చుల నుంచి, పాత రష్యన్ జానపద కళ నుంచి తీసుకున్న రంగులు. ఆమెకి 1976లో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారం వచ్చింది. సోవియట్ చిత్రకారుల్లో అది అందుకున్నది ఆమె ఒక్కరే. ఈ పుస్తకం ఇంకా సామాన్యుడికి అందుబాటులోనే ఉంది. మొదట కొనాల్సింది ఇదే అని నేను అందరికీ చెప్తాను.

కొనషేవిచ్‌ది కూడా మర్చిపోకూడదు. 1918, పెత్రోగ్రాద్ (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్). దూరంగా ఉన్న భార్యకీ చిన్న కూతురికీ రాసిన ఉత్తరాల్లో ఒక్కో అక్షరానికి బొమ్మ వేస్తూ పోయాడు, అదే పుస్తకం అయింది. దేశం అంతర్యుద్ధంలోకి జారుతోంది, తిండికి కరువు, ఇందులో మాత్రం ఇంటి వస్తువులూ జంతువులూ ఎంత ప్రశాంతంగా ఉంటాయో! యెలిజవేతా బ్యోమ్ అజ్బుకా సంగతి వేరే, పాత రష్యన్ దుస్తుల్లో పిల్లలు, పక్కన సామెతలు. ప్యారిస్‌లో లాపిన్ అచ్చువేశాడు. అందంగా ఉంటుంది కానీ నాకు కాస్త తీపి ఎక్కువ.

కాకినాడ_వంశీ:

కవి మయకోవ్‌స్కీ కూడా ఒక అజ్బుకా చేశాడని విన్నాను.

నెవా_తీరం:

చేశాడు, 1919లో 'సోవియట్ అజ్బుకా'. పద్యాలూ బొమ్మలూ రెండూ ఆయనవే. కానీ అది ఎర్రసైన్యం సైనికుల కోసం, శత్రువుల మీద ఘాటైన వెటకారం. పిల్లల పుస్తకం అని ఎవరైనా అమ్మితే నమ్మకండి. అదే కాలంలో పెద్దలకి చదువు చెప్పే వాచకాలు కూడా వచ్చాయి. 'మేం బానిసలం కాదు, బానిసలం కాదు మేం' అన్న ప్రసిద్ధ పాఠం వాటిలోదే. 1919 డిసెంబర్‌లో నిరక్షరాస్యత నిర్మూలన డిక్రీ వచ్చింది. అది వేరే సేకరణ, వేరే చర్చ పెట్టుకుందాం.

రాదుగ_అభిమాని:

మా తరం తెలుగువాళ్లకి ఒక గందరగోళం ఉంటుంది, చెప్పాలి. తెలుగులో పుస్తకాలు వేసిన రాదుగ 1982లో మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయం నుంచి విడిపోయి ఏర్పడింది. కానీ అంతకుముందే ఇంకో రాదుగ ఉంది. 1922లో క్ల్యాచ్కో అనే ఆయన పెత్రోగ్రాద్‌లో పెట్టిన ప్రైవేటు సంస్థ, 1930లో మూతపడింది. రచయితలు చుకోవ్‌స్కీ, మర్షాక్, చిత్రకారులు కొనషేవిచ్, లేబెదెవ్ అంతా అక్కడ వెలిగారు. రెండిటికీ సంబంధం లేదు. 'రాదుగ పుస్తకం' అని చెప్తే ఏ రాదుగ అని అడగండి. ధరలో భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా.

ఇంకో మాట. కథల పుస్తకాలు తెలుగులోకి వచ్చాయి, ఉప్పల లక్ష్మణరావు గారు, రా.రా. గారు లాంటి వాళ్లు మాస్కోలో కూర్చుని అనువాదాలు చేశారు. కానీ అజ్బుకాని అనువదించి ఏం చేస్తారు? అక్షరమే మారిపోతుంది. అందుకే ఆ చిత్రకారుల్లో చాలామందిని మనం ప్రేమించినా, వాళ్లు ప్రాణం పెట్టి చేసిన అక్షరమాలలు మన దాకా రాలేదు.

బాలబడి_టీచర్:

నకలు ప్రతులు కొనడం తప్పా? అచ్చుయంత్రం గారి మాటలు వింటే అలా అనిపిస్తోంది.

అచ్చుయంత్రం:

తప్పు అనలేదమ్మా. నకలుని నకలు ధరకి కొనండి. నా బాధ అసలు అని చెప్పి అమ్మేవాళ్లతోనే. కానీ మనసులో మాట చెప్పాలంటే, రాయి మీద నుంచి కాగితానికి ఎక్కిన రంగుకి ఉండే లోతు నకలులో రాదు. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాడు మళ్లీ నకలు కొనడు.

బాలబడి_టీచర్:

నేను ఒప్పుకోలేను సర్. నా పిల్లలకి బెనువా బొమ్మలు చూపించాలంటే అసలు ప్రతి ముట్టుకోనిస్తారా? గాజు పెట్టెలో పెట్టిన అక్షరమాల ఎవరికి అక్షరం నేర్పుతుంది? నాకు శ్రీను గారి పుస్తకంలో పెన్సిల్‌తో దిద్దిన పేజీయే విలువైనది. సేకరించేవాళ్లు దాన్ని 'లోపం' అని రాస్తారు. ఆ పుస్తకం ఎందుకోసం పుట్టిందో ఆ పని జరిగిందనడానికి సాక్ష్యం అదొక్కటే.

పాతపుటలు:

ఇద్దరిలో ఎవరి పక్షమో అడగకండి! కానీ ఒక నిజం ఉంది. బెనువా పుస్తకం మొదటినుంచీ ఖరీదైనది, దాచుకున్నారు, అందుకే మిగిలింది. రెండు మూడు కోపెక్కులకి అమ్మిన పల్చటి అజ్బుకాలు, పన్నెండు పేజీలు, రెండు పిన్నులు, లక్షల్లో వేసినా పిల్లలు చింపి పారేశారు. ఇప్పుడు వాటిలో కొన్ని బెనువా కన్నా వెతకడం కష్టం. వెనక పేజీలో ప్రతుల సంఖ్య చూసి 'లక్ష వేశారు, ఎక్కడైనా దొరుకుతుంది' అనుకుంటే పొరపాటు. ఎన్ని వేశారన్నది కాదు, ఎన్ని మిగిలాయన్నది లెక్క.

గీతలున్న ప్రతిని నేను వదులుకోను. పేజీ పోయిన ప్రతిని మాత్రం తీసుకోను. అక్షరమాలలో ఒక్క ఆకు పోతే రెండు అక్షరాలు పోయినట్టే.

ఉక్కునగరం_శ్రీను:

ఇదంతా చదువుతుంటే ఇన్నాళ్లూ ఎందుకు తెలియలేదా అనిపిస్తోంది. కొనడం సంగతి చెప్పండి. రష్యా నుంచి తెప్పించొచ్చా?

నెవా_తీరం:

చదువుకునే రోజుల్లో పీటర్స్‌బర్గ్‌లోని ఉదేల్నయా సంతలో వారాంతాలు తిరిగేవాణ్ణి, అలాంటి చోట నేల మీద దుప్పటి పరిచి అమ్ముతారు. ఇప్పుడు ఇక్కడ కూర్చుని కొనడం కష్టం. 2022 మార్చిలో వీసా, మాస్టర్‌కార్డ్ అక్కడ పని ఆపేశాక మన కార్డులు నడవవు. వందేళ్లు దాటిన పుస్తకాన్ని దేశం దాటించాలంటే వాళ్ల సంస్కృతి శాఖ అనుమతి కావాలి. అనుమతి లేకుండా 'బట్టల మధ్య పెట్టి పంపిస్తాం' అనేవాళ్లని దగ్గరికి రానీకండి. పుస్తకమూ పోతుంది, పంపినవాళ్లూ ఇరుక్కుంటారు. జర్మనీ, ఇజ్రాయెల్, జార్జియాలో స్థిరపడిన పాత పుస్తకాల వ్యాపారుల దగ్గర 1950ల తర్వాతివి తేలిగ్గా దొరుకుతాయి.

గ్రంథాలయం ముద్ర ఉంటే దాని పక్కన 'పొగషెనో' అన్న ముద్ర ఉందా చూడండి. లెక్కలోంచి తీసేశాం అని దాని అర్థం. అది లేకపోతే కొనే ముందు అడగండి. ఎంత అందమైన ప్రతి అయినా, ఏదో ఊరి పిల్లల లైబ్రరీ నుంచి ఎత్తుకొచ్చింది నాకు వద్దు.

రాదుగ_అభిమాని:

మన దగ్గరే వెతకండి ముందు. హైదరాబాద్ అబిడ్స్ ఆదివారం సంత, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లు. రష్యన్ నేర్చుకున్నవాళ్ల ఇళ్లు ఖాళీ చేసినప్పుడు వాచకాలు అక్కడికే వస్తాయి.

పాతపుటలు:

డబ్బు పెట్టే ముందు కన్ను తయారవ్వాలి. మాస్కోలోని రష్యా ప్రభుత్వ బాలల గ్రంథాలయం వాళ్లు పాత పిల్లల పుస్తకాలు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. ప్రిన్స్‌టన్‌లో కాట్సెన్ గ్రంథాలయం వాళ్లు కూడా. రోజుకో పుస్తకం చూడండి, ఏది ఎవరి చెయ్యో మెల్లగా తెలుస్తుంది.

కాకినాడ_వంశీ:

సముద్రం పక్కన ఉన్నవాళ్లం, పిన్నులు తుప్పు పడుతున్నాయి. కలరా ఉండలు పెడితే సరిపోతుందా?

అచ్చుయంత్రం:

కలరా ఉండలు పురుగుకి, తుప్పుకి కాదు. అదీ కాగితానికి తగలకూడదు. చెమ్మకి సిలికా జెల్ పొట్లాలు, నెలకోసారి మార్చాలి. తుప్పు పట్టిన పిన్ను కాగితాన్ని తినేస్తుంది కాబట్టి వెనక నుంచి కాళ్లు మెల్లగా పైకెత్తి తీసెయ్, అదే రంధ్రాల్లోంచి నూలు దారంతో కుట్టు. బ్రౌన్ అట్ట వేయకు, అందులో ఆమ్లం ఉంటుంది. సెల్లోటేపు ముట్టుకోకు. లామినేషన్ మాట ఎత్తితే నేను ఈ చర్చలోంచి వెళ్లిపోతాను, అది పుస్తకాన్ని చంపడమే. పుస్తకం నిలబెట్టకుండా పడుకోబెట్టు, పల్చటివి నిలబెడితే వంగిపోతాయి.

ఉక్కునగరం_శ్రీను:

అందరికీ చాలా థాంక్స్ అండీ. మావ్రినా గారి అజ్బుకాతోనే మొదలుపెడతాను. స్కాన్ చూశాను, నిద్ర పట్టలేదు.

పాతపుటలు:

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి రండి శ్రీను గారూ. నా దగ్గరి మావ్రినా ప్రతి తెస్తాను, అచ్చుయంత్రం గారు లూప్ తెస్తారు. టీచర్ గారు కూడా వస్తే బెనువా నకలు మీదే పిల్లలకి చూపించడానికి తీసుకెళ్లొచ్చు, నా దగ్గర రెండున్నాయి.

బాలబడి_టీచర్:

తప్పకుండా వస్తాను. శ్రీను గారూ, ఆ బుక్వార్ కూడా తెండి.